సెకండ్‌హ్యాండ్ గిటార్: ముందు మెడ, ఆ తర్వాతే రంగు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత ఎలక్ట్రిక్ గిటార్ల గురించే ఉన్నాయి. అందుకని కీబోర్డుల ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ ఈ పనిలోకి వచ్చినవాణ్ని కాబట్టి కరెంటు సంగతులు కొంచెం ఎక్కువే చెబుతాను. చదివేవాళ్లు ఓపిక పట్టాలి.

ప్రశ్న: నమస్తే సర్. కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా సీనియర్ ఒకరు హాస్టల్ ఖాళీ చేస్తూ తన స్ట్రాట్ మోడల్ గిటార్‌ని 4,500కి ఇచ్చారు. రెండేళ్లుగా మంచం కిందే ఉందట. తీగలు తుప్పు పట్టాయి. నొక్కితే వేళ్లు నొప్పి పుడుతున్నాయి. వాల్యూమ్ తిప్పితే గరగరమంటోంది. నా దగ్గర ఇంకో 6,000 ఉన్నాయి. నల్ల రంగు వేయించి, మంచి పికప్‌లు పెట్టించాలని ఉంది. ఏది ముందు చేయించమంటారు?

జవాబు: బాబూ, ఆ రెండూ ఇప్పుడు వద్దు. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మాటలోనే అసలు జబ్బుంది: నొక్కితే వేళ్లు నొప్పి పుడుతున్నాయన్నారు. చేతికి లొంగని గిటార్‌కి, తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు ఎంత ఖరీదైనవి పెట్టినా అది మళ్లీ మంచం కిందకే చేరుతుంది. మీ 6,000లో మొదటి రూపాయి మెడకు పెట్టండి.

పాత తీగలు తీసేయకముందే గిటార్‌ని శ్రుతి చేయండి. బిగువు ఉన్నప్పుడే మెడ అసలు రూపం తెలుస్తుంది. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ వైపు నుంచి ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూడండి. రెండు అంచులూ సమానంగా సాగిపోవాలి. ఒక అంచు పక్కకు ఒరిగినట్టు కనిపిస్తే మెడ మెలి తిరిగిందన్నమాట. అది ట్రస్ రాడ్‌తో, అంటే మెడ లోపల ఉండే ఇనుప కడ్డీతో, పోయే జబ్బు కాదు, అక్కడితో ఖర్చు ఆపేయండి. అలా ఉన్నా దిగులు పడొద్దు. స్ట్రాట్ మోడల్లో మెడ నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది, విప్పి వేరే మెడ వేసుకోవచ్చు. 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో రేడియో రిపేరు షాపు నడిపిన మనిషి. పాడైన భాగాన్ని విప్పి మార్చుకునే వీలు ఉండాలన్న మెకానిక్ బుద్ధి ఆ గిటార్‌లో ప్రతి చోటా కనిపిస్తుంది. నాకు ఆయన మీద ఉన్న గౌరవం అందుకే.

మెలిక లేదనుకుందాం. మెడ మీది అడ్డ లోహపు మెట్లే ఫ్రెట్లు. మొదటి ఫ్రెట్ దగ్గర లావు తీగను ఎడమ చేత్తో నొక్కండి, మెడ బాడీతో కలిసే చోట కుడి చేత్తో నొక్కండి. ఇప్పుడు 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. పావు మిల్లీమీటరు ఉండాలి. మామూలు విజిటింగ్ కార్డు ఒకటి కష్టం లేకుండా దూరితే చాలు. రెండు మూడు కార్డులు దూరుతున్నాయంటే మెడ ముందుకు వంగింది. ట్రస్ రాడ్‌ని గడియారం ముల్లు తిరిగే వైపుకు పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలవండి. అసలు సందే లేకపోతే ఎదురు దిక్కుకు పావు చుట్టు. ఎప్పుడూ పావు చుట్టే. చేతికి గట్టిగా అడ్డం తగిలితే ఆపి, తెలిసినవాళ్లకు చూపించండి. రాడ్ తెగితే బాగుచేయడానికి మెడ మీద వేళ్లు నొక్కే పై చెక్కను, అంటే ఫింగర్‌బోర్డును, ఊడదీయాల్సి వస్తుంది, ఆ ఖర్చుకు మీకు ఇంకో గిటార్ వస్తుంది.

ఇక తీగలు. కత్తిరించే ముందు పూర్తిగా వదులు చేయండి. బిగువు మీద కత్తిరిస్తే కొన ఎగిరి కంట్లో తగులుతుంది. కొత్త సెట్ ఐదారు వందల్లో వస్తుంది. 9-42 అని రాసి ఉన్నది తీసుకోండి, వేళ్లకు సుఖం. తీగల్లేని ఈ సమయంలోనే ఫ్రెట్లకు మెరుగు పెట్టాలి. ఫింగర్‌బోర్డు చెక్క కనిపించకుండా మాస్కింగ్ టేప్ అంటించి, ఫ్రెట్లను మెత్తటి గుడ్డతో, కాస్త బ్రాసోతో రుద్దండి. స్టీల్ ఊల్ మాత్రం వద్దు. దాని పొడి పికప్ అయస్కాంతాలకు అతుక్కుందంటే వదిలించడం మహా కష్టం.

మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి బ్రిడ్జ్ మీద తీగల ఎత్తు సరిచేసే చిన్న స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. ఒక్కో దాని మీద తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. తిప్పే ముందు ఆలెన్ కీ సైజు సరిచూసుకోండి. ఆసియాలో తయారైన వాటికి మామూలుగా 1.5 మిల్లీమీటర్లది సరిపోతుంది. అమెరికా కొలతలవాటికి 1.27 మిల్లీమీటర్లది కావాలి. చిన్న కీ పెట్టి బలవంతం చేస్తే స్క్రూ లోపలి మూలలు అరిగిపోతాయి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు సన్న తీగకు 1.6 మిల్లీమీటర్లు, లావు తీగకు 2 దాకా ఉంచండి. మీ వేళ్ల నొప్పిలో చాలా భాగం ఇక్కడ తీరాలి. ఇంకా ఉంటే మెడ చివర తీగలు కూర్చునే గాళ్లున్న పట్టీ, అంటే నట్, చూడాలి: తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే మొదటి ఫ్రెట్ మీద కాగితమంత సందు మాత్రమే మిగలాలి. అంతకన్నా ఎక్కువుంటే నట్ గాడి లోతు చేయాలి. అది సరైన ఆకురాయి ఉన్నవాళ్లు చేయాల్సిన పని. అక్కడ డబ్బు ఇవ్వండి.

తర్వాత ఇంటొనేషన్, అంటే మెడ పొడుగునా స్వరాలు సరిగ్గా పలకడం. 12వ ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు మీటితే వచ్చే హార్మోనిక్, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరం ఒక్కటిగా ఉండాలి. నొక్కిన స్వరం పైకి పోతుంటే బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్కను, అంటే శాడిల్‌ని, వెనక్కి, కిందికి దిగుతుంటే ముందుకు జరపండి. ఫోన్‌లో ట్యూనర్ ఆప్ ఉంటే చాలు.

గరగరకు కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే వాడండి. వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం, అంటే పాట్, పక్కన ఉన్న చిన్న సందులో కొట్టి, నాబ్‌ని అటూ ఇటూ ఓ ఇరవై ముప్పైసార్లు తిప్పండి. తలుపు కిర్రుకు వాడే మామూలు స్ప్రే ఇక్కడ పనికిరాదు. అది జిడ్డు మిగిల్చి దుమ్ము పట్టిస్తుంది. అప్పటికీ పోకపోతే పాట్ మార్చేయాలి. హైదరాబాద్ వెళ్లేవాళ్లెవరైనా ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో తెమ్మనండి. మీ గిటార్‌లో ఉండే సింగిల్ కాయిల్ (ఒక్క తీగచుట్ట) పికప్‌లకు 250 కె, అంటే 250 కిలో ఓముల పాట్ కావాలి. దొరక్కపోతే 220 కెతో పని జరుగుతుంది, చెవికి తేడా అందదు. దాని మీద 'ఎ' అనే అక్షరం ఉన్నది అడగండి. 'బి' అయితే ధ్వని మొత్తం నాబ్ తిప్పడం మొదలుపెట్టగానే పెరిగిపోయినట్టుంటుంది. టోన్ కెపాసిటర్ మీద 473 అనో 223 అనో ఉంటుంది, అంటే 0.047 లేదా 0.022 మైక్రోఫారడ్. కొన్ని రూపాయల వస్తువు. దీన్నే అందమైన డబ్బాలో పెట్టి వందలకు అమ్ముతున్నారు. గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ ఒక వోల్టు అటూ ఇటూ మాత్రమే. 50 వోల్టుల మామూలు కెపాసిటర్ దానికి పుష్కలం.

ఇన్ని చేశాక పికప్‌ల ఎత్తు సరిచేయండి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుంటే లావు తీగకు పికప్ నుంచి 2 మిల్లీమీటర్లు, సన్న తీగకు 1.6 దూరం ఉండాలి. మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని వణికిస్తుంది. మరీ దూరమైతే శబ్దం నీరసం. పికప్ మార్చాలని నా దగ్గరకు వచ్చినవాళ్లలో చాలామంది ఈ ఒక్క స్క్రూడ్రైవర్ పనితో తృప్తిపడి వెళ్లారు. ఒక ఆరు నెలలు వాయించండి. అప్పటికీ కావాలనిపిస్తే పికప్‌లు కొందాం. ఈలోగా మీ చెవి ఏం కోరుకుంటోందో కూడా మీకు తెలిసొస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఉద్యోగమొచ్చి హైదరాబాద్ వెళితే, అక్కడి మొదటి వేసవిలో ఫ్రెట్ల చివర్లు చేతికి గీరుకుంటాయి. తీరపు తేమలో ఉబ్బి ఉన్న చెక్క పొడి గాలికి ముడుచుకుంటుంది, ఇత్తడి, నికెల్ కలిసిన ఫ్రెట్ ముడుచుకోదు. కంగారు పడకండి, చిన్న ఆకురాయితో చివర్లు నునుపు చేయించుకుంటే సరి.

ప్రశ్న: మా చర్చి యువజన బృందంలో గిటార్ వాయిస్తూ పాడతాను. మా గిటార్ కూడా సెకండ్‌హ్యాండే. పాడేటప్పుడు పెదవి మైక్‌కి తగిలితే షాక్ కొడుతోంది. గిటార్ లోపల బ్రిడ్జ్‌కి పోయే ఎర్త్ వైరు కత్తిరించేస్తే పోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. కత్తిరించమంటారా? — ఒంగోలు

జవాబు: కత్తిరించవద్దు. ఆ కరెంటు సంగతి తేలేదాకా ఆ స్టేజీ మీద గిటార్ ప్లగ్ చేయవద్దు. ఇది ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ ముఖ్యమైనది, అందుకే మీకు విడిగా కూడా జవాబు రాశాను.

గిటార్ తీగలు బ్రిడ్జ్ ద్వారా, కేబుల్ ద్వారా ఆంప్ ఇనుప చట్రానికి కలిసి ఉంటాయి. మైక్ మీది ఇనుప జాలీ మిక్సర్ చట్రానికి కలిసి ఉంటుంది. మీ స్టేజీ మీద ఆంప్ ఒక గోడ సాకెట్లో, మిక్సర్ ఇంకో సాకెట్లో పెట్టి ఉంటారు. వాటిలో ఒకదానికి ఎర్త్ లేకపోయినా, మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించినా, ఆ రెండు చట్రాల మధ్య వోల్టేజ్ నిలబడుతుంది. చేతులు తీగల మీద, పెదవి మైక్ మీద ఉన్నప్పుడు ఆ కరెంటు మీ గుండె మీదుగా పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు ప్రేక్షకుల ముందే, ఎర్త్ సరిగా లేని మైక్ తాకి చనిపోయాడు. మన సాకెట్లలో ఉండేది 230 వోల్టులు.

బ్రిడ్జ్ వైరు కత్తిరిస్తే తప్పు ఆంప్ దగ్గరో గోడ దగ్గరో అలాగే ఉంటుంది. జాక్ ప్లేటు, కేబుల్ ప్లగ్గు తాకితే షాక్ మళ్లీ కొడుతుంది. పైగా హమ్ పెరుగుతుంది.

చేయాల్సింది ఇది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఆ రెండు సాకెట్లలో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ కొలవమనండి. 230 దగ్గర రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. తేడాగా ఉంటే ఎర్త్ పిట్ చూపించండి. వేసవిలో నీళ్లు పోయక ఎండిపోయిన ఎర్త్ పిట్ ఎర్త్ కిందకు రాదు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టమని చర్చి పెద్దలను అడగండి. మీ ప్రాణం మాట చెప్పి అడిగితే కాదనరు. స్టేజీ మీది సామానంతా మూడు పిన్నులతో ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకోండి. ప్రతి ఆదివారం పాట మొదలుపెట్టే ముందు మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక ముల్లు తీగకు, ఇంకో ముల్లు మైక్ జాలీకి ఆనించి చూడండి. దాదాపు సున్నా చూపిస్తేనే పాడండి. మైక్‌కి ఫోమ్ తొడుగు వేయడం అదనపు జాగ్రత్త మాత్రమే, దాన్ని నమ్ముకుని మిగతావి మానేయొద్దు.

ప్రశ్న: మా నాన్నగారు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించేవారు. ఆయన పోయాక గిటార్ అటక మీద ఉండిపోయింది. గివ్‌సన్ అని రాసి ఉంది. రంగు చాలా చోట్ల లేచిపోయింది. కొత్తదానిలా మెరిసేట్టు చేయించి మా అబ్బాయి పుట్టినరోజుకి ఇవ్వాలని ఉంది. సుమారు ఎంతవుతుంది? — గుంటూరు

జవాబు: అమ్మా, అది కోల్‌కతా కంపెనీ గిటార్. దిగుమతి వస్తువులు మనవాళ్లకు అందని రోజుల్లో ఎన్నో ఆర్కెస్ట్రాలు, చర్చి బృందాలు అలాంటి దేశీయ గిటార్లతోనే నడిచాయి. అమ్మితే పెద్ద ధర పలక్కపోవచ్చు. మీ ఇంట్లో దాని విలువ వేరు, ఆ లెక్కలోనే జవాబు చెబుతున్నాను.

రంగు వేయించకండి. పైభాగంలో, కుడి మోచేయి ఆనే చోట చెక్క బయటపడి ఉందేమో చూడండి. అది నాన్నగారి చెయ్యి ఏళ్ల తరబడి ఆని అరిగిన చోటు. దాన్ని ఎమరీ పేపర్ పెట్టి తుడిచేస్తే మళ్లీ ఎవరూ తేలేరు. మెత్తటి గుడ్డ తడిపి గట్టిగా పిండి మురికి తుడిపించండి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి. అంతకు మించి పైపైన ఏమీ వద్దు.

లోపల మాత్రం అంతా బాగుచేయించండి. ఏ వైరు ఎక్కడ ఉందో విప్పకముందే ఫోన్‌లో ఫొటోలు తీసిపెట్టండి. ట్యూనింగ్ కీలు బిగుసుకుపోయి ఉంటే కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క చాలు. స్క్రూ రంధ్రాలు వదులై ఉంటే అగ్గిపుల్ల ముక్కకు ఫెవికాల్ రాసి దూర్చి, ఒక రోజు ఆరాక స్క్రూ బిగించమనండి. మెడకు ట్రస్ రాడ్ ఉందో లేదో మెకానిక్‌ని ముందే చూడమనండి. లేకపోతే లావు తీగలు వేయకూడదు. పికప్ పనిచేయకపోయినా పారేయవద్దు. చాలాసార్లు తీగచుట్ట బాగానే ఉండి బయటి వైరు దగ్గర టంకం ఊడి ఉంటుంది. మల్టీమీటర్‌తో ఒక్క నిమిషంలో తేలుతుంది: కొన్ని వేల ఓములు చూపిస్తే పికప్ బతికే ఉంది. మార్చిన ప్రతి పాత భాగాన్నీ అడిగి తీసుకుని కవర్లో పెట్టి ఉంచండి.

ఖర్చు ఊరిని బట్టి, మెకానిక్‌ని బట్టి మారుతుంది, కాగితం మీద చెప్పలేను. పని మొదలుపెట్టకముందే ఏమేం చేస్తారో రాయించుకోండి. రంగు ఊసెత్తినవాళ్లకు వద్దని గట్టిగా చెప్పండి. మీ అబ్బాయికి ఇచ్చేటప్పుడు తాతగారు ఆ గిటార్ పట్టుకున్న ఫొటో ఏదైనా ఉంటే కేసులో పెట్టి ఇవ్వండి.

ప్రశ్న: నాది ఏ చరిత్రా లేని చవక గిటార్. రంగు నేనే వేసుకుందామని నిర్ణయించుకున్నాను. చెక్క కనపడేదాకా గీకాలా? కారు స్ప్రే డబ్బాలు పనికొస్తాయా? — వరంగల్

జవాబు: నిశ్చింతగా వేసుకోండి. చెక్కదాకా గీకక్కర్లేదు. ఫ్యాక్టరీ వాళ్లు వేసిన ప్లాస్టిక్ లాంటి పూత గట్టిగా, మందంగా ఉంటుంది, అదే మీకు మంచి ప్రైమర్. 320 లేదా 400 నంబరు పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, గుంటలుంటే లప్పం పెట్టి సమం చేస్తే చాలు.

మెడ కూర్చునే గాడిలో మాత్రం ఒక్క చుక్క రంగు పడకూడదు. చాలామంది దీన్ని మర్చిపోతారు. అక్కడ పూత మందమైతే మెడ ఇరుకై, బిగించేటప్పుడు అంచు దగ్గర రంగు పగులుతుంది. మాస్కింగ్ టేప్ రెండు పొరలు వేయండి.

స్ప్రే డబ్బా పనికొస్తుంది. పల్చటి పూతలు ఎక్కువ వేయండి, ఒకే మందపాటి పూత కారిపోతుంది. వానాకాలంలో వద్దు. గాలిలో తేమ పూత మీద తెల్లటి మసకలా నిలుస్తుంది. మీ ఊళ్లో ఫిబ్రవరి, మార్చి నెలలు బాగుంటాయి. చివరి పూత తర్వాత రెండు మూడు వారాలు ముట్టుకోకుండా వేలాడదీయండి. చేతికి ఆరినట్టే అనిపిస్తుంది, లోపల ఇంకా మెత్తగా ఉంటుంది. ఆ తర్వాత వాటర్ పేపర్ 1000, 1500, 2000 వరుసలో, సబ్బు నీళ్లతో. స్క్రూ రంధ్రాల దగ్గర నీళ్లు నిలవనివ్వకండి, చెక్క ఉబ్బి చుట్టూ రంగు పగులుతుంది. ఆపైన కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండ్.

ఇంకా గట్టి పూత కావాలంటే డెంటింగ్ షెడ్డులో హార్డెనర్ కలిపే రంగు వేయించుకోండి. దాన్ని ఇంట్లో మీరు కొట్టవద్దు. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం, గుడ్డ మాస్కు ఆపలేదు.

ప్రశ్న: మా అమ్మమ్మ దగ్గర వీణ నేర్చుకున్నాను. ఇప్పుడు పాత ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. గమకాలు పలకాలంటే ఫింగర్‌బోర్డు చెక్క గుంటలుగా చెక్కించుకోవాలంటున్నారు. నిజమేనా? — రాజమండ్రి

జవాబు: ఆలోచన మంచిదే. వీణ మీద మెట్లు ఎత్తుగా ఉండటం వల్ల తీగను లాగితే నాలుగైదు స్వరాలు ఒకే మెట్టు మీద పలుకుతాయి. గిటార్ ఫ్రెట్ ఎత్తు ఒక మిల్లీమీటరు చుట్టుపక్కలే, వేలు చెక్కకు ఒరుసుకుంటుంది. ఫ్రెట్ల మధ్య చెక్క తవ్వితే ఆ రాపిడి పోతుంది. శక్తి అనే సంగీత బృందంలో ఇంగ్లిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అలా తవ్విన గిటారే వాయించారు. మీ పక్కనే ఉన్న పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండొలిన్‌ని వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని ఎంచుకున్నారు. మీటిన స్వరం చాలాసేపు నిలిస్తేనే కదా గమకానికి చోటు దొరికేది! వాద్యాన్ని మన సంగీతానికి తగ్గట్టు మలచుకోవడం మన గోదావరి జిల్లాల్లో కొత్త సంగతి కాదు.

అయినా తవ్వకం ఇప్పుడే వద్దు. తవ్విన చెక్క తిరిగి రాదు. ముందు సన్న తీగలు, 9 సెట్ వేసి, శ్రుతిని ఒక స్వరం కిందికి దింపి చూడండి. లాగడం ఎంత తేలికవుతుందో మీకే ఆశ్చర్యం వేస్తుంది. చాలకపోతే, అరిగిన ఫ్రెట్లు ఎలాగూ మార్చాల్సిందే కనుక, ఎత్తైన జంబో ఫ్రెట్లు వేయించండి. అదీ చాలకపోతే 12వ ఫ్రెట్ నుంచి పైన మాత్రమే తవ్వించండి. బోర్డు మీది తెల్ల చుక్కలు పల్చటివైతే తవ్వకంలో అరిగిపోతాయి, ముందే చూడమనండి. ఇంకొకటి, తవ్విన బోర్డు మీద గట్టిగా నొక్కితే స్వరం పైకి జారుతుంది. వీణ చెయ్యి మీది, ఒత్తిడి మీద అదుపు అలవాటే. మామూలు గిటారిస్టుకన్నా మీకు ఆ ఇబ్బంది తక్కువ.

ప్రశ్న: ఫింగర్‌బోర్డుకి లెమన్ ఆయిల్ రాయమంటున్నారు. దొరకడం లేదు. నిమ్మరసం వాడొచ్చా? — నంద్యాల

జవాబు: వద్దు. నిమ్మరసం పులుపు, ఫ్రెట్లను నల్లబరుస్తుంది. దుకాణాల్లో ఆ పేరుతో అమ్మేది చాలావరకు నిమ్మ వాసన కలిపిన మినరల్ ఆయిలే. వాసన లేని మినరల్ ఆయిల్‌ని, మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ అని అడిగితే ఇస్తారు. గుడ్డకు నాలుగు చుక్కలు, ఐదు నిమిషాలాగి పొడి గుడ్డతో పూర్తిగా తుడవాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. కొబ్బరినూనె, ఆవనూనె రాయకండి, ముక్క వాసన వచ్చి జిడ్డు కడతాయి. ఇదంతా ముదురు రంగు రోజ్‌వుడ్ బోర్డుకు మాత్రమే. మీది లేత రంగు మేపుల్ అయి, పైన వార్నిష్ మెరుస్తుంటే తడి గుడ్డ, పొడి గుడ్డ తప్ప ఏ నూనే అక్కర్లేదు.